చీరల కొట్టు బల్ల మీద కాగితపు సూక్ష్మదర్శిని: ఫోల్డ్‌స్కోప్ గురించి

కాగితాన్ని మడిచి మనమే తయారుచేసుకునే సూక్ష్మదర్శిని ఇది. పేరు ఫోల్డ్‌స్కోప్. ఎక్కువగా బడిపిల్లల కోసం కొంటారు. నేను నా కోసమే కొనుక్కున్నాను. చీరాలలో మాకు చిన్న చీరల కొట్టు ఉంది. నాకు నలభై ఆరేళ్ళు. పుట్టింది మగ్గం ఉన్న ఇంట్లో, సైన్సు చదువు పదో తరగతితో ఆగింది. నాలాంటి మనిషికి ఈ వస్తువు ఏం పనికొస్తుందో చెబుదామని రాస్తున్నాను. నేను చదివిన సమీక్షలన్నీ "మా బాబు చాలా సంబరపడ్డాడు" అనే మాట దగ్గర ఆగిపోయాయి. సంబరపడే హక్కు పెద్దవాళ్ళకీ ఉంది, దాని గురించి ఎవరో ఒకరు వివరంగా చెప్పాలి.

ముందు వస్తువు సంగతి. పెట్టెలో అచ్చువేసిన గట్టి కాగితం వస్తుంది. గుర్తుల ప్రకారం ముక్కలు విడదీసి, మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చాలి. మామూలు కాగితం కాదు, చింపబోతే చిరగదు, నీళ్ళు పడినా తుడిచేస్తే సరిపోతుంది. చీర మడత పెట్టడం అలవాటైన చేతులకు ఈ మడతలు కష్టమేమీ కాదు. మొదటిసారి అయినా గీతల్ని చూసుకుంటూ నింపాదిగా చేస్తే కుదిరిపోతుంది. మధ్యలో కటకం అమర్చాలి. అది రెండున్నర మిల్లీమీటర్లకు కొంచెం లోపు ఉండే గాజు గోళీ. ఆ ఒక్క గోళీయే వస్తువును 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. గోళీ ఎంత చిన్నదైతే అంత పెద్దగా చూపిస్తుంది, కాకపోతే కంటిని అంత దగ్గరగా ఆనించాలి. రెండు బొటనవేళ్ళతో కాగితాన్ని అటూ ఇటూ జరిపితే స్లైడులో వేరే చోటు కనిపిస్తుంది. ఇంకో పట్టీని కొద్దిగా లాగి నెడితే ఫోకస్ కుదురుతుంది. ఫోన్ కెమెరాకు అతికించే అయస్కాంతపు రింగు కూడా ఉంటుంది, దానితో కనిపించినదాన్ని ఫోటో తీసుకోవచ్చు.

దీన్ని తయారుచేసినవాళ్ళలో ముఖ్యుడు మను ప్రకాశ్. ఉత్తరప్రదేశ్‌లో పెరిగి, కాన్పూరు ఐఐటీలో చదివి, అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. జిమ్ సిబుల్‌స్కీ అనే విద్యార్థితో కలిసి చేశారు. 2014లో వాళ్ళు ప్రచురించిన పరిశోధన పత్రంలో, దీనికి పట్టే సామగ్రి ఖర్చు ఒక డాలరు కన్నా తక్కువని రాశారు. మన చేతికి వచ్చేసరికి స్లైడులు, స్టిక్కర్లు, డబ్బా అన్నీ కలిసి ధర పెరుగుతుంది. అయినా ప్రయోగశాలలో వాడే సూక్ష్మదర్శినితో పోల్చదగిన ఖర్చు కాదు.

నేను మొదట చూసింది నూలు పోగు. పడుగులోంచి, అంటే మగ్గం మీది నిలువు దారాల్లోంచి, తెగిపోయిన ముక్క ఒకటి తీసి, కొసను గోటితో విడదీసి, నాలుగు పీచుల్ని స్లైడు మీద పరిచి, నీటి చుక్క వేసి, పైన పారదర్శకమైన స్టిక్కర్ అంటించాను. నీటి చుక్క వేస్తే అంచులు స్పష్టంగా కనిపిస్తాయి, ఇది గుర్తు పెట్టుకోండి. కొట్టు గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు పట్టుకుని చూశాను. పత్తి పీచు గుండ్రంగా ఉంటుందని ఊహించుకున్నాను. గాలి తీసేసిన సైకిల్ ట్యూబును పట్టుకుని మెలిపెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. చదునుగా, ఉండి ఉండి ఒక మెలిక. కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతున్న మెలికలు.

కారణం తెలుసుకునేదాకా ఊరుకోలేకపోయాను. పత్తికాయ పగలకముందు ప్రతి పీచూ లోపల రసం ఉన్న సన్నటి గొట్టమట. కాయ పగిలి ఎండ తగలగానే రసం ఆరిపోయి, గొట్టం గోడలు ఒకదానికొకటి అతుక్కుని, మెలి తిరుగుతుంది. ఆ మెలికలు ఉండబట్టే పీచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. లేకపోతే వడికినా పోగు నిలవడం కష్టం. నా చిన్నప్పుడు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ, ఇంత మెత్తటి దూది ఇంత గట్టి దారం ఎట్లా అవుతుందని మా నాన్నని అడిగేదాన్ని. "రాత్రికల్లా పడుగు ఎక్కాలి, కండె చూడు" అనేవాడు. ఆయనకీ తీరికలేదు. మా ఇళ్ళలో ప్రశ్నలు అడిగితే ఎవరూ కొట్టరు, తిట్టరు. పనే ప్రశ్నని పక్కకు నెట్టేస్తుంది. అట్లా నెట్టిన ప్రశ్నలు ఎక్కడికీ పోవని ఈ కాగితపు ముక్క నాకు చూపించింది.

ఆ తరువాత మెర్సిరైజ్డ్ నూలు చూశాను. మా కొట్టులో రోజూ వినిపించే మాట ఇది. "మెర్సిరైజ్డ్ అండీ, మెరుపు పోదు." మెరుపు ఎందుకు వస్తుందని ఏ కొనేవాళ్ళూ అడగలేదు, మేమూ చెప్పలేదు. స్లైడు మీద చూస్తే సంగతి తెలిసింది. మామూలు పత్తి పీచులో ఉన్న మెలికలు ఇందులో చాలా తగ్గిపోయాయి. పీచు ఉబ్బి, నున్నగా, ఇంచుమించు గుండ్రంగా ఉంది. నూలును గాఢమైన కాస్టిక్ సోడాలో ముంచితే పీచు ఉబ్బుతుంది. బిగించి పట్టి ఆ పని చేస్తే పీచు తిన్నగా సాగి, వెలుతురును చెదరగొట్టకుండా తిప్పికొడుతుంది. 1844 ప్రాంతంలో ఇంగ్లండులో జాన్ మెర్సర్ అనే ఆయన ఈ కాస్టిక్ సోడా పని మొదలుపెట్టాడు, ఆయన పేరే ఈ నూలుకు నిలిచింది. బిగించి చేస్తే మెరుపు వస్తుందన్నది తరవాత ఇంకొకరు కనిపెట్టారు. ఇప్పుడు కొట్టులో ఎవరైనా మెరుపు గురించి మాట్లాడితే, రెండు పీచుల ఫోటోలూ ఫోన్లో చూపిస్తున్నాను. కొందరు చీర పక్కన పెట్టి మరీ చూస్తున్నారు.

పట్టు, పాలిస్టరు కూడా చూశాను. పాలిస్టరు పీచు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే మందంలో, ఎక్కడా మెలిక లేకుండా కనిపిస్తుంది. ఉడికించిన పట్టు పీచు కూడా నున్నగానే ఉంటుంది కాబట్టి, కొత్తగా చూసేవాళ్ళకు ఈ రెంటికీ తేడా వెంటనే పట్టుబడదు. పట్టు పీచు మందం అక్కడక్కడా కొద్దిగా మారుతుంది. ఉడికించని ముడిపట్టులో అయితే రెండు పోగులు జిగురుతో జతగా అంటుకుని ఉంటాయి. పట్టుపురుగు తన ఒంట్లోని రెండు గ్రంథుల నుంచి ఒకేసారి రెండు పోగులు వదలడం వల్ల అట్లా వస్తాయి. అసలు పట్టా కాదా తేల్చడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. దారం కాల్చి చూసే పాత పద్ధతే గట్టిది. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూస కడుతుంది. జరీ చూడాలనుకుంటే కింది నుంచి వెలుతురు దాన్ని దాటి రాలేదు, పక్క నుంచి చిన్న లైటు వెయ్యాలి. అప్పుడు లోపలి దారం చుట్టూ చదును చేసిన లోహపు తీగ చుట్టుకుని ఉన్నది కనిపిస్తుంది.

బట్టల వ్యాపారికి సూక్ష్మదర్శినితో ఏం పని అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మొట్టమొదట సూక్ష్మజీవుల్ని చూసిన మనిషి బట్టల వ్యాపారే. ఆంటనీ వాన్ లీవెన్‌హుక్, హాలండులోని డెల్ఫ్ట్ ఊరివాడు, 1632లో పుట్టాడు. పదహారో ఏట ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల కొట్టులో పనికి కుదిరాడు, ఆ తరువాత సొంత ఊళ్ళో కొట్టు పెట్టుకున్నాడు. బట్ట నాణ్యత చూడటానికి వర్తకులు భూతద్దాలు వాడేవారు. ఆయన అక్కడ ఆగలేదు, సొంతంగా చిన్న చిన్న కటకాలు చేసుకున్నాడు. ఒకే కటకం, ఇదిగో ఈ ఫోల్డ్‌స్కోప్‌కి ఉన్నట్టే. లండన్‌లోని రాయల్ సొసైటీకి మొదటి ఉత్తరం వెళ్ళింది 1673లో. అంటే అప్పటికే నలభై దాటాయి. లాటిన్ రాదు, విశ్వవిద్యాలయం మొహం చూడలేదు, ఉత్తరాలన్నీ తన డచ్చి భాషలోనే రాశాడు. 1674లో చెరువు నీటిలో చిన్న చిన్న ప్రాణులు తిరగడం చూశాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆయన మిరియాల ప్రశ్న. మిరియం నాలుకను ఎందుకు మండిస్తుంది? దానికి కనిపించని ముళ్ళేమైనా ఉన్నాయా, అవి గుచ్చుకుంటున్నాయా? ఆరేడేళ్ళ పిల్లవాడు అడగవలసిన ప్రశ్న. ఆయన పెద్దవాడై ఉండి దాన్ని పట్టుకుని, మిరియాలు నీళ్ళలో నానబెట్టి చూశాడు. ముళ్ళు కనిపించలేదు. అంతకుముందు మనిషి కంట పడని అతి సూక్ష్మమైన జీవులు కనిపించాయి, 1676లో వాటి గురించి రాశాడు. వాటినే ఇప్పుడు బాక్టీరియా అంటున్నాం. ఘాటుకు కారణం పైపెరిన్ అనే రసాయనమని తేలింది చాలా కాలం తరవాత. ఆ కాలంలోనే డచ్చివాళ్ళు మన మచిలీపట్నంలో, చీరాలకు దగ్గర్లోని నిజాంపట్నంలో బట్టలు కొని ఓడలకెక్కించేవారు. ఆయన భూతద్దం కిందకి మన తీరం గుడ్డ ఏదైనా వెళ్ళి ఉంటుందా అని బల్ల ముందు కూర్చుని ఆలోచిస్తుంటాను. జవాబు దొరకదని తెలుసు. అయినా అడుగుతుంటే బాగుంటుంది.

మిరియాల నీళ్ళు నేనూ చేశాను. కొన్నాళ్ళు గాజు గ్లాసులో మూతపెట్టి ఉంచి, పైన తేలిన పొర పక్క నుంచి చుక్క తీసుకోవాలి. ఫోల్డ్‌స్కోప్‌కి సుమారు 2 మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అందుతుంది కాబట్టి బాక్టీరియా విడివిడిగా చూడటానికి ఇది చాలదు. వాటికంటే పెద్దవైన ఏకకణ జీవులు మాత్రం చుక్కంతా పరుగెత్తాయి. ఒకటి వచ్చి దేనికో తగిలి, వెనక్కి జరిగి, కొంచెం పక్కకు తిరిగి మళ్ళీ ముందుకు వెళ్ళింది. అలాగే మళ్ళీ మళ్ళీ చేసింది. దాన్ని చూస్తూ కూర్చుంటే కొట్టు తెరవాల్సిన వేళ దాటింది. బడిలో ఉన్నప్పుడు మా సైన్సు గదిలో ఒకే ఒక సూక్ష్మదర్శిని, అది అద్దాల బీరువాలో ఉండేది. పరీక్షల ముందు బయటకు తీసి, క్లాసు మొత్తాన్ని వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కళ్ళనీ ఒక్క క్షణం చూడనిచ్చేవాళ్ళు. "చూశావుగా, జరుగు" అంటే జరగడమే. ఇప్పుడు నా వెనక వరుస లేదు. ఆ జీవి ఎటు పోతుందో తేలేదాకా చూడొచ్చు. ఈ వస్తువులో అన్నిటికంటే విలువైన గుణం ఏదని అడిగితే, కటకం కాదు, ఇదీ అంటాను. ఇది నాది, నా సంచిలో ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

సీతాకోకచిలుకని పట్టుకుంటే వేళ్ళకు అంటుకునే పొడి గుర్తుందా? అది రంగేనని మా అమ్మ చెప్పేది. దొడ్లో చచ్చిపడిన దాని రెక్క ముక్క చూశాను. పొడి కాదు, వరసగా ఒకదాని మీద ఒకటి ఒరిగిన సన్నటి పొలుసులు, ఒక్కోదానికి ఒక చిన్న కాడ. మందార పువ్వు పుప్పొడి చూడండి, ముళ్ళున్న పెద్ద పెద్ద గుండ్లు, ఫోకస్ కుదరడానికి తేలిక. కొత్తగా వాడేవాళ్ళు దానితోనే మొదలుపెట్టడం మంచిది. మగ్గానికి పెట్టే గంజి కూడా చూడొచ్చు. గంజి పెట్టిన పోగు మీద ఒక చుక్క బీటాడిన్ వేస్తే నల్లటి నీలం రంగుకు తిరుగుతుంది, అందులోని అయోడిన్ గంజిని పట్టిచ్చేస్తుంది. భూతద్దం లేకుండా కూడా ఈ రంగు కనిపిస్తుంది. గంజి పోగు చుట్టూ ఎంతమేర అంటిందో, లోపలికి ఎంత దిగిందో మాత్రం ఫోల్డ్‌స్కోప్‌లోనే తెలుస్తుంది.

మా నాన్న దగ్గర పని నేర్చుకున్న పెద్దాయన ఒకరు ఇప్పటికీ గుంట మగ్గం మీద నేస్తారు. నేను బాబాయ్ అంటాను. నూలు వేళ్ళ మధ్య పెట్టి నలిపి, అది ఎన్నో నంబరో, అంటే ఎంత సన్ననిదో, చెప్పేస్తారు. ఆయన కొట్టుకొచ్చినప్పుడు నూలు స్లైడు పెట్టి చేతికిచ్చాను. చత్వారం కళ్ళజోడు తీసేయమన్నాను. ఫోకస్ మనమే సర్దుకుంటాం కాబట్టి చత్వారానికి అద్దాలు అక్కర్లేదు. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇదేంటే అమ్మాయ్, ఇన్ని మెలికలు! వేలికి నున్నగా తగులుద్దే."

"కాయ పగిలి ఎండేటప్పుడే పడతాయంట బాబాయ్."

మళ్ళీ కన్ను ఆనించారు. "అయితే అందుకే నూలు ముడి నిలబడుద్ది. పాలిస్టరు ముడి జారిపోద్ది, ఇంకో మెలేసి బిగించాల. ఇన్నేళ్ళు ముడి వేస్తన్నా, ఎందుకో ఇవ్వాళ తెలిసింది."

ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చదవలేదు. ఆయన వేళ్ళకు తెలిసింది, కంటితో కలిసింది. వెళ్ళేముందు తన దగ్గరున్న రకరకాల నూలు ముక్కలు పంపిస్తానన్నారు. పంపారు కూడా, ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, మీద నంబరు రాసి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఒకే గోళీ కటకం కాబట్టి నడిమి భాగమే స్పష్టంగా ఉంటుంది, అంచులు మసకబారతాయి. చూసే చోటు చిన్నది, కదిలే జీవి తప్పించుకుంటే మళ్ళీ వెతకాలి. రెండు చేతులూ దానికే కావాలి, గీసుకుంటూ చూడటం కుదరదు. కంటిని బాగా ఆనించాలి, మొదట్లో కనురెప్ప వెంట్రుకలే కనిపిస్తాయి, కొంచెం ఓపిక పట్టాలి. చీరాల ఉక్కలో కటకం మీద చెమట తేమ చేరుతుంది, మెత్తటి నూలు గుడ్డతో సుతారంగా ఒత్తి తుడవండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సూర్యుడి వైపు నేరుగా పట్టుకుని చూడకూడదు. కిటికీ వెలుతురు, తెల్లటి గోడ, ట్యూబులైటు ఏదైనా చాలు. పిల్లలకిచ్చేటప్పుడు ఈ మాట ముందుగా చెప్పాలి.

ఐదు నక్షత్రాలకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర కూడా అంచుల మసక వల్లే తగ్గింది. ప్రయోగశాల పని చేసేవాళ్ళకు ఇది చాలదు. ఇంటి పని, కొట్టు పని మధ్య పావుగంట దొరికే మనిషికి మాత్రం ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలియదు. దర్జీలు, వడ్రంగులు, రైతులు, పూలమ్మేవాళ్ళు, ఎవరి చేతిలో ఏ పదార్థం రోజూ మెదులుతుందో దాన్ని ముందు చూడండి. కొత్త వింతలకోసం వెతకొద్దు. చేతికి అలవాటైపోయిన వస్తువులోనే మన పాత ప్రశ్నలు ఎక్కువుంటాయి.

ఇప్పుడు నా మనసంతా పొందూరు ఖద్దరు మీద ఉంది. శ్రీకాకుళం వైపు కొండపత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి, ఆ దూదితో అతి సన్నటి నూలు వడుకుతారు. ఆ పళ్ళు పీచుకు ఏం చేస్తాయి? చెత్తను, పొట్టి పీచుల్ని తీసేసి ఊరుకుంటాయా, పీచుల్ని ఒకే దిక్కుకు తిప్పుతాయా? కొండపత్తి పీచులో మెలికలు మిల్లు పత్తికంటే దగ్గర దగ్గరగా ఉంటాయా? పొందూరు వాళ్ళెవరైనా ఇది చదివితే, దువ్వకముందు దూది చిటికెడు, దువ్విన తరువాత చిటికెడు, రెండు వేరు వేరు పొట్లాల్లో నాకు పంపగలరేమో చెప్పండి. తపాలా ఖర్చు నాదే. ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను.